ఛాయాచిత్రం అద్దమా, ఆనవాలా?

ఎదుట ఉన్నదాని వెలుగును వెండి లవణాల మీద పడనిచ్చి, ఆ పడిన గుర్తు చెరిగిపోకుండా మందులతో నిలబెట్టే పనిముట్టు ఫిల్ము కెమెరా. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. ఆ నిలిచినది ఏమిటన్న దగ్గర చిక్కు మొదలవుతుంది. అది వస్తువు ప్రతిబింబమా? వస్తువు వదిలి వెళ్ళిన ఆనవాలా? లేక వస్తువుతో నిమిత్తం లేని మరో కొత్త వస్తువా? అద్దంలో ముఖం, నీళ్ళలో చంద్రుడు, తాడులో పాము మొదలైన వాటి మీద భారతీయ దర్శనాలు వందల ఏళ్ళు తర్కించాయి. ముఖం పక్కకు తప్పుకున్నాక కూడా అద్దంలో అది అలాగే ఉండిపోతే ఏమనాలన్న ప్రశ్న మాత్రం ఆ తర్కానికి ఎదురు కాలేదు. అలాంటి అద్దం లోకానికి పరిచయమైంది 1839లో.

ఈ ప్రశ్నను సూరత్‌లోని ఖటోదరా లాంటి పేటలో నిలబెట్టి చూడడం సులువు. పాత నగరానికి దక్షిణాన, ఉధనా వెళ్ళే వైపున ఉన్న పేట ఇది. చుట్టూ పరిశ్రమల షెడ్లు, గుడ్డల బేళ్ళు మోసే టెంపోలు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి తరాలుగా వలస వచ్చిన పద్మశాలీలు సూరత్ దక్షిణ, తూర్పు పేటల్లో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేస్తూ స్థిరపడ్డారు. నగరపాలక సంస్థ బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉండడానికి కారణం వాళ్ళే. జైనులు, వైష్ణవులు, ముస్లిములు, పార్సీలు నాలుగు వందల ఏళ్ళకు పైగా కలిసి వ్యాపారం చేసిన ఊరు సూరత్. పాత కెమెరా మెడలో వేసుకుని తిరిగే అభిరుచిగలవాడి రీలులో ఇవన్నీ పక్కపక్కన పడతాయి. డచ్చివాళ్ళ గోరీలు, తాపీ ఒడ్డు, సంక్రాంతి గాలిపటాలు, జరీ తీగ లాగే చేతులు, బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్ళు. ఒక్కో మతానికి బొమ్మతో ఒక్కో పేచీ ఉంది కాబట్టి, ఆ ఒక్క రీలు మీదే చాలా దర్శనాలను పరీక్షించవచ్చు.

ముందు యంత్రం సంగతి. పాత కెమెరాల అభిరుచికి గుజరాత్‌లో సొంత గతం ఉంది. ఒకప్పుడు మన మధ్యతరగతి ఇళ్ళలో బాగా కనిపించిన ఆగ్ఫా క్లిక్ 3 వడోదరలోనే తయారైంది. ప్లాస్టిక్ డబ్బా, ముందు చిన్న కటకం, ఎండకూ మబ్బుకూ వేరువేరు గుర్తులు, 120 రకం రీలు మీద 12 చదరపు బొమ్మలు. అంతకు మించి సర్దుకోవడానికి ఏమీ ఉండదు. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరుతో నలుపు తెలుపు ఫిల్ము చేసేది. దిగుమతి సరుకు కొనలేనివాళ్ళకు అదే ఆధారం. ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ లేదు, క్లిక్ 3 కొత్తది దొరకదు. పాత సామాన్ల అంగళ్ళలో దొరికినదాన్ని తుడిచి, మడత కెమెరా బెల్లోస్‌కు చిల్లులు పడితే నల్లటేపు అంటించి, వెలుతురు దూరకుండా చూసుకుని వాడేవాళ్ళు అక్కడక్కడా ఉన్నారు.

అసలు వింత రీలు కడిగేటప్పుడు బయటపడుతుంది. మీట నొక్కిన తర్వాత, మందులో ముంచకముందు, ఫిల్మును చూస్తే వెలుగు తగిలిన చోటికీ తగలని చోటికీ కంటికి ఏ తేడా తెలియదు. కానీ బొమ్మ అప్పటికే పడింది. వెలుగు తగిలిన ఒక్కో వెండి లవణపు రేణువులో నాలుగైదు వెండి పరమాణువులు గుంపు కట్టి కూర్చుంటాయి. సూక్ష్మదర్శినికి కూడా అందనంత చిన్న గుంపు అది. డెవలపర్ ఆ గుంపు ఉన్న రేణువును మాత్రమే వెతికి పట్టుకుని, దాన్ని మొత్తం నల్లటి వెండిగా మార్చేస్తుంది. కోట్ల రెట్లు పెరిగిన ఆ మార్పే నెగెటివ్‌లోని నలుపు. వెలుగు తగలని రేణువులు ఇంకా సజీవంగానే ఉంటాయి. బయట వెలుతురు చూస్తే అవీ నల్లబడి బొమ్మను మింగేస్తాయి. వాటిని కరిగించి కడిగేయడానికి హైపో కావాలి. హైపోకు వెండి లవణాలను కరిగించే గుణం ఉందని జాన్ హెర్షెల్ 1819లోనే గమనించాడు. ఛాయాచిత్రాన్ని శాశ్వతం చేయడానికి అది పనికొస్తుందని ఇరవై ఏళ్ళ తర్వాత తేలింది. ఈ హైపో తర్వాత ఒక మతపరమైన తగాదాలో నిర్ణాయకమవుతుంది.

తెలియకుండా పడి, ఉండి, అనుకూల సమయంలో బయటికి వచ్చే గుర్తు అనగానే మన పండితులకు సంస్కారం గుర్తుకొస్తుంది. ఆ పోలిక దగ్గరికి వెళ్ళేముందు అద్వైతుల ప్రతిబింబవాదాన్ని దాటాలి. పద్మపాదుడి పంచపాదిక మీద వివరణం రాసిన ప్రకాశాత్ముడి పక్షంలో అద్దంలోని ముఖం వేరే ముఖం కాదు, అసలు ముఖమే. అది అద్దంలో ఉన్నదనుకోవడమే భ్రమ. సురేశ్వరుడి దారిలో నడిచేవాళ్ళు ఒప్పుకోరు. అద్దంలోని ముఖం ముఖంలా తోచేదే తప్ప ముఖం కాదని, అది ఆభాసమని వాళ్ళ మాట. జీవుడికీ బ్రహ్మానికీ ఉన్న సంబంధం తేల్చడానికి పుట్టిన వాదాలు ఇవి. అయినా రెండూ ఒక విషయాన్ని తడుముకోకుండా ఒప్పుకున్నాయి. బింబం తొలగితే ప్రతిబింబం ఉండదు. ఛాయాచిత్రం ఆ ఒప్పుదలనే తీసేస్తుంది. మనిషి పోయి ముప్పై ఏళ్ళయినా గోడ మీద ముఖం ఉంటుంది. కనుక అది ప్రకాశాత్ముడి లెక్కలో ముఖమే కాజాలదు. ఆభాసవాదుల లెక్కలోకి కూడా సాఫీగా ఒదగదు, ఎందుకంటే ఆభాసానికి అద్దం కళ్ళ ముందు ఉన్నంతసేపే బతుకు.

విద్యారణ్యుల పంచదశిలో ఆరో ప్రకరణం, చిత్రదీపం, ఇంకొంచెం దూరం తీసుకెళ్తుంది. ఖటోదరాలో ఏ అద్దకం కార్ఖానా పక్కన కూర్చునో చదవాల్సిన ప్రకరణం అది. బొమ్మ వేసే గుడ్డకు నాలుగు దశలు చెప్పాడాయన. ఉతికిన తెల్లగుడ్డ, గంజి పట్టించి బిగువు చేసిన గుడ్డ, గీతలు గీసిన గుడ్డ, రంగులు నింపిన గుడ్డ. వీటికి వరసగా శుద్ధ చైతన్యం, అంతర్యామి, సూత్రాత్మ, విరాట్టు సరిపోతాయని వివరించాడు. ఫిల్ముకూ నాలుగు దశలు ఉన్నాయి. పారదర్శకమైన పట్టీ, దాని మీద పూసిన జిలెటిన్ పూత, వెలుగు తగిలి కనిపించకుండా ఉన్న గుర్తు, కడిగాక తేలిన బొమ్మ. పోలిక బాగుంది గానీ మూడో దశలో తెగుతుంది. గుడ్డ మీద గీతలు గీసేది చిత్రకారుడు. ఫిల్ము మీద గీసేది ఎదుటి వస్తువే. లోకంలో లేని మనిషిని కూడా చిత్రకారుడు గీయగలడు. క్లిక్ 3కి ఆ స్వేచ్ఛ లేదు.

అదే ప్రకరణంలో మరొక సూక్ష్మమైన పరిశీలన ఉంది. చిత్రంలోని మనుషులకు చిత్రకారుడు బట్టలు కూడా వేస్తాడు. ఆ బట్టలు అచ్చం ఆధారంగా ఉన్న గుడ్డలాగే కనిపిస్తాయి కానీ చలికి కప్పుకోవడానికి పనికిరావు. చిత్రంలోని కొండలకు, నేలకు మాత్రం బట్టలు వేయడు. జీవులలో చైతన్యం తోచడానికీ జడపదార్థాలలో తోచకపోవడానికీ తేడా చూపించడానికి విద్యారణ్యుడు వాడిన ఉదాహరణ ఇది. చీరల ఊరిలో తీసిన ఛాయాచిత్రాల్లో సగం గుడ్డల బొమ్మలే. చీర మడత మీద పడిన వెలుగు ఎంత నిజంగా కనిపించినా చేతికి తగిలేది కాగితం. ఆయన దాన్నే ఆభాసమంటాడు. అయినా ఒక తేడా మిగిలే ఉంది. చిత్రంలోని బట్టను చూసి ఆ నేతగుడ్డ ఎక్కడో ఉండి తీరాలని ఎవరూ అనలేరు. ఛాయాచిత్రంలోని చీరను చూసి అనగలరు, కోర్టులో సాక్ష్యంగా కూడా పెట్టగలరు.

అద్దమా, బొమ్మా అన్న ప్రశ్నను నేరుగా, పేరు పెట్టి తర్కించినవాళ్ళు ఇస్లామీ ధర్మశాస్త్రజ్ఞులు. ప్రాణం ఉన్నవాటి బొమ్మలు చేసేవాళ్ళను వాటికి ప్రాణం పోయమని తీర్పు రోజున అడుగుతారన్న హదీసు నిషేధానికి ప్రధాన ఆధారం. ఈజిప్టులో 1914 నుంచి 1920 దాకా ప్రధాన ముఫ్తీగా ఉన్న ముహమ్మద్ బఖీత్ అల్‌ముతీఈ ఛాయాచిత్రం ఆ నిషేధంలోకి రాదన్నాడు. ఫోటో తీసేవాడు ఏదీ సృష్టించడు, దేవుడు సృష్టించినదాని నీడ అద్దంలో పడినట్టు పడితే దాన్ని బంధిస్తాడంతే. ఉపఖండంలో దేవబంద్ సంప్రదాయానికి చెందిన ముఫ్తీ ముహమ్మద్ షఫీ దీన్ని ఒప్పుకోలేదు. అద్దంలోని నీడ నిలవదు, మందు పూసి నిలబెట్టిన క్షణం నుంచి అది నీడ కాదు, తస్వీరే, అంటే నిషేధంలోకి వచ్చే బొమ్మే అన్నాడు. అంటే ఆయన వాదం ప్రకారం అనుమతికీ నిషేధానికీ మధ్య గీత హైపో తొట్టి మీదుగా పోతుంది. ఈ తర్కం ఇక్కడితో ఆగలేదు. ఆయన కొడుకు ముఫ్తీ తఖీ ఉస్మానీ, తెర మీద కనిపించే డిజిటల్ బొమ్మ ఏ వస్తువు మీదా స్థిరంగా ముద్రపడదు గనక, కాగితం మీద అచ్చు వేయనంతవరకు అది తస్వీరు కాదన్నాడు. ఆ లెక్కన చేతిలోని ఫోను కంటే పాత ఫిల్ము కెమెరాయే ఎక్కువ అభ్యంతరకరం.

పాలకులు ఈ తగాదా తేలేదాకా ఆగలేదు. ఇండోర్ పబ్లిక్ వర్క్స్ శాఖలో నక్షాలు గీసే ఉద్యోగి లాలా దీన్ దయాళ్ 1874 ప్రాంతంలో సరదాగా కెమెరా పట్టాడు. మొదట అది కాలక్షేపమే. తర్వాత హైదరాబాదులో ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడై, రాజా బిరుదు పొందాడు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్ల మహిళ చేతిలో పెట్టాడు. బొమ్మ కూడదన్న ప్రశ్న అక్కడ వెనక్కి జరిగి, ఎవరి కన్ను చూడాలన్న ప్రశ్న ముందుకొచ్చింది.

ఛాయాచిత్రం నిలిచే గుర్తు అన్న షఫీ పరిశీలన సరైనదే. నిషేధం సంగతి వేరు. గుర్తు ఏమి చెప్పగలదో తేల్చడానికి న్యాయదర్శనం ఎక్కువ పనికొస్తుంది. పదిహేడో శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో స్మృతిని సంస్కారం నుంచి మాత్రమే పుట్టే జ్ఞానంగా చెప్పాడు. కనిపించని గుర్తు, కడిగితే బయటపడే బొమ్మ ఈ నిర్వచనానికి అతికినట్టు ఉన్నాయి. ఛాయాచిత్రం యంత్రం జ్ఞాపకమని తేల్చేయడానికి నోరూరుతుంది. కానీ అన్నంభట్టు దగ్గరే అడ్డంకి ఉంది. స్మృతికి కారణమయ్యే భావన అనే సంస్కారం ఆత్మకు మాత్రమే ఉండే గుణం. ఫిల్ము పృథివీద్రవ్యం. దానికి భావన ఉండదు. చాప చుట్ట విప్పితే మళ్ళీ చుట్టుకునే స్థితిస్థాపకం లాంటిది ఉంటే ఉండవచ్చు. కనుక గుర్తుపెట్టుకునేది ఫిల్ము కాదు, చూసే మనిషి. ఫిల్ము అతనికి అందించేది ఒక హేతువును మాత్రమే.

హేతువు అన్నాక మాట అనుమానప్రమాణం మీదికి వెళ్తుంది. కార్యం నుంచి కారణాన్ని ఊహించడానికి నైయాయికులు ఎప్పుడూ చెప్పే ఉదాహరణ నది. కింద నది పొంగితే ఎగువన వాన కురిసిందని తెలుస్తుంది. గౌతముడి న్యాయసూత్రాలలో దీనికి ఒక ఆక్షేపణ వస్తుంది. కట్ట వేసి ఆపి వదిలినా నది పొంగుతుంది గదా? చీమలు గుడ్లు మోసుకుపోతే వాన వస్తుందంటారు, పుట్ట చెదిరినా మోస్తాయి గదా? నెమలి కూసిందని నెమలి ఉందనుకుంటారు, మనిషి నెమలిలా కూస్తే? ఇలా తప్పే హేతువులను నమ్ముకునే అనుమానం ప్రమాణమెలా అవుతుందని ఆక్షేపకుడి ప్రశ్న. సూరత్‌లో ఇది పుస్తకాల ప్రశ్న కాదు. 2006 ఆగస్టులో తాపీ ఊరిని ముంచినప్పుడు, అందులో వాన పాలెంత, ఎగువన ఉకాయ్ జలాశయం నుంచి వదిలిన నీటి పాలెంత అన్న వాదన చాలాకాలం నడిచింది.

గౌతముడి జవాబు హేతువును వదిలేయమని కాదు, ఇంకా దగ్గరగా చూడమని. వాత్స్యాయనుడి భాష్యం దాన్ని విప్పి చెబుతుంది. వాన వల్ల పొంగిన నదిలో ఉరవడి వేరుగా ఉంటుంది, నురగ ఉంటుంది, పళ్ళూ ఆకులూ కట్టెలూ కొట్టుకొస్తాయి. ఒట్టి నీళ్ళు పెరగడం హేతువు కాదు, ఇవన్నీ కలిసిన పొంగు హేతువు. నెగెటివ్ విషయంలో కూడా ఇంతే. ఒక బొమ్మ ఒంటరిగా ఏమీ రుజువు చేయదు. రీలు అంచున ముద్రించిన అంకెలు, ముందు వెనక బొమ్మల వరస, ఒకే చోట పడిన గీరలు, కెమెరా లోపలి చట్రం అంచు, వెండి రేణువుల అమరిక, ఇవన్నీ ఆ వరదలో కొట్టుకొచ్చిన కట్టెలూ ఆకులూ. పన్నెండు బొమ్మల పట్టీని వెలుగుకు ఎదురుగా పట్టి వరసగా చదివేవాడికి, ఏడో బొమ్మలోని మనిషి ఆరో బొమ్మలో ఎక్కడ నిలబడ్డాడో తెలుస్తుంది. ఆ వరస లేకుండా ఏడోదాన్ని మాత్రమే పెద్దది చేసి చట్రం కట్టి గోడకు తగిలిస్తే హేతువు బలం సగం పోతుంది.

నెమలికూత ఆక్షేపణ కూడా పాత కెమెరాలకు తగిలింది. చాలా బాక్సు కెమెరాల్లో రీలు తిప్పడం మరచి రెండోసారి నొక్కితే ఒకే చోట రెండు బొమ్మలు పడతాయి. బతికున్నవాళ్ళ వెనక పొగలాంటి ఆకారాలు తోస్తాయి. బోస్టన్‌లో విలియం మమ్లర్ ఇలాంటివాటినే చనిపోయినవాళ్ళ ఆత్మలని అమ్మాడు. 1869లో న్యూయార్కు కోర్టులో విచారణ జరిగింది, నేరం రుజువు కాక బయటపడ్డాడు. అయినా ఆ మోసంలో కూడా ఫిల్ము లేదా పలక అబద్ధం చెప్పలేదు. రెండు వెలుగులు పడ్డాయి, రెండూ నమోదయ్యాయి. వాటికి ఒకే క్షణం అంటగట్టింది చూసేవాళ్ళ ఊహ. కంప్యూటరు కల్పించి ఇచ్చే బొమ్మ వేరే తరగతి. అక్కడ నది లేదు, వాన లేదు, నెమలి లేదు, కూత మాత్రమే ఉంది. ఫిల్ము మీద కొత్త తరానికి కలిగిన మోజుకు రంగుల అందం, పాతదనం లాంటి కారణాలు చెబుతుంటారు. అవి నిజమే కావచ్చు. కార్యానికీ కారణానికీ మధ్య చేత్తో తాకగలిగే లంకె ఒకటి మిగిలి ఉండడం వాటికంటే గట్టి కారణం.

ఛాయాచిత్రం క్షణాన్ని పట్టుకుంటుందన్న మాటను కూడా పరీక్షించాలి. యోగసూత్రాల మీద వ్యాసభాష్యం క్షణాన్ని కొలిచిన తీరు ఇది: ఒక పరమాణువు తానున్న చోటు వదిలి పక్క చోటికి చేరడానికి పట్టే కాలం. క్షణాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి గానీ రెండు క్షణాలు కలిసి ఎప్పుడూ ఉండవు. కనుక గంట, రోజు అనేవి బుద్ధి కూర్చుకున్నవే. ఈ కొలతతో చూస్తే కెమెరా పట్టేది క్షణం కానే కాదు. సెకనులో 60వ వంతు తెరిచి ఉంచిన షట్టర్‌లో వెలుగు 5000 కిలోమీటర్లు పోతుంది. సాంచ మీద నాడె సెకనుకు 10 మీటర్ల వేగంతో పోతుందనుకుంటే, సెకనులో 30వ వంతు తెరిచిన కెమెరాలో అది 33 సెంటీమీటర్ల పొడవున గీతలా సాగుతుంది. అదే సెకనులో 1000వ వంతు తెరిచిన మంచి కెమెరాలో ఒక్క సెంటీమీటరు మాత్రమే జరుగుతుంది. పడుగు పోగుల మధ్య గాలిలో ఆగినట్టు కనిపిస్తుంది. నేతగాడు ఆ ఆగిన నాడెను ఎన్నడూ చూడలేదు. రెండు బొమ్మల్లో ఏది నిజమని అడిగితే గీతలా సాగినదానికే అతను ఓటు వేస్తాడు. అది నాడె చేసిన పనిని చూపించింది. ఆగిన నాడె లోకంలో ఎవరి అనుభవంలోనూ లేదు, కానీ అదీ కల్పితం కాదు. బౌద్ధులు ప్రతి వస్తువూ క్షణికమనీ, నిలకడ అన్నది మనం అతికించుకున్నదనీ చెప్పారు. ఛాయాచిత్రం వాళ్ళ పక్షాన సాక్ష్యం చెబుతున్నట్టు కనిపిస్తుంది గానీ, అది స్వయంగా దశాబ్దాలు నిలిచే వస్తువు కావడం వాళ్ళకు ఇబ్బందే.

కాలం ఆగిన వయసు గురించి సూరత్ పద్మశాలీలకు సొంత పురాణం ఉంది. వాళ్ళు తమ కులానికి మూలపురుషుడిగా చెప్పుకునే మార్కండేయుడు పదహారేళ్ళకు చావాల్సినవాడు. శివుడు యముణ్ణి ఆపడంతో చిరంజీవిగా ఆ పదహారు దగ్గరే నిలిచిపోయాడు. ఊరి నుంచి సూరత్ వచ్చిన కొత్తలో స్టూడియోలో దిగి ఇంటికి పంపిన ఫోటోలో కుర్రవాడు కూడా అదే వయసులో నిలిచిపోతాడు. పైకి ఒకటే అనిపించినా రెండు నిలకడలకూ పొంతన లేదు. మార్కండేయుడు ఆగినది వయసులో మాత్రమే, బతకడం ఆపలేదు. భాగవతం పన్నెండో స్కంధం ప్రకారం ఆయన ప్రళయజలాన్ని చూశాడు, మర్రాకు మీది శిశువు కడుపులోకి పోయి లోకమంతా, తన ఆశ్రమంతో సహా, అక్కడ ఉండడం చూశాడు. ఫోటోలోని కుర్రవాడు దేన్నీ చూడలేదు. అతను తనకు కాకుండా ఇతరులకు మాత్రమే పదహారేళ్ళవాడు.

పూజ దగ్గరికి వస్తే ఈ తేడా మరింత పదునెక్కుతుంది. తిరుమలలో మూలవిరాట్టును ఫోటో తీయనివ్వరు. అదే స్వామి పటం లేని తెలుగు ఇల్లు, ఖటోదరాలోనైనా కాజీపేటలోనైనా, అరుదు. ఇందులో వైరుధ్యం ఉన్నట్టు తోస్తుంది గానీ ఆగమం దృష్టిలో లేదు. వైఖానస ఆగమం ఒక మూర్తి నుంచి మరో మూర్తికి శక్తి ఎలా వెళ్తుందో స్పష్టంగా చెబుతుంది. కదలని ధ్రువబేరమైన మూలవిరాట్టు నుంచి కౌతుకబేరమైన భోగశ్రీనివాసుడికి సంబంధకూర్చ కట్టి ఉంటుంది. నిత్యసేవలు ఆ చిన్న మూర్తికి జరుగుతాయి. ఉత్సవాలకు మలయప్పస్వామి ఉన్నాడు. ఒక రూపం మరో రూపానికి ప్రతినిధి కావడానికి పోలిక చాలదు, వెలుగు పడడం అసలే చాలదు. మంత్రంతో ఆవాహన జరగాలి. ఆ లెక్కన గర్భగుడి ఫోటో దొంగిలించగలిగినది ఏమీ లేదు. నిషేధం స్వామిని కాపాడడానికి అనడం కంటే దర్శనాన్ని కాపాడడానికి అనడం సబబు. దర్శనంలో భక్తుడు చూడడం ఎంతో, స్వామి చూడడం అంత. కెమెరా అడ్డం పెట్టుకున్నవాడు రెండోదానికి చోటివ్వడు.

ఆవాహన ఉన్నచోట ఉద్వాసన కూడా ఉంటుంది. వినాయకచవితి మట్టి బొమ్మకు ఉద్వాసన చెప్పి నీటిలో కలుపుతారు. బతుకమ్మ పూలు చెరువులో, సూరత్‌లోనైతే దొరికిన నీళ్ళలో కలుస్తాయి. తద్దినంలో పితృదేవతలను దర్భల మీదికి పిలిచి, పని కాగానే పంపేస్తారు. ముగ్గు మధ్యాహ్నానికి కాళ్ళ కింద చెరిగిపోవాల్సిందే. రూపాన్ని పిలవడం, పంపడం రెండూ తెలిసిన సంస్కృతిలోకి పంపడం తెలియని రూపం ఒకటి వచ్చి పడింది. పాతబడిన దేవుడి క్యాలెండర్లను చెత్తలో వేయలేక రావిచెట్టు మొదట్లోనో గుడి ప్రహరీ పక్కనో ఆనించి వచ్చే అలవాటు ఈ ఇబ్బంది నుంచే పుట్టింది. చనిపోయినవాళ్ళ పటాన్ని పూజగదిలో పెట్టకపోవడం కూడా ఇలాంటి సర్దుబాటే. వడోదర చిత్రకారుడు జ్యోతి భట్ 1960ల చివరి నుంచి గుజరాత్ పల్లెల్లో, బయట రాష్ట్రాల్లో ఇంటి ముంగిళ్ళ ముగ్గులను, గోడల మీది బొమ్మలను ఓపికగా ఫోటోలు తీశాడు. వాటిలో చాలా సంప్రదాయాలు మళ్ళీ చూద్దామంటే లేవు. ఆ పని విలువ గొప్పది. అయినా ముగ్గు వేసిన ఇల్లాలు దాన్ని నిలవ ఉంచడానికి వేయలేదు. నిలిచిన ముగ్గు ముగ్గుగా సగమే మిగులుతుంది.

ఇంత రకరకాల విషయాలను ఒకే రీలులో పడనిచ్చే యంత్రాన్ని చూసి, దానికి సమదృష్టి ఉందని మెచ్చుకోవడం కద్దు. గీత ఐదో అధ్యాయంలో పండితుడు బ్రాహ్మణుణ్ణి, ఆవును, ఏనుగును, కుక్కను, కుక్కమాంసం తినేవాణ్ణి సమంగా చూస్తాడు. కటకం కూడా కోటీశ్వరుడి వజ్రాన్నీ, మురుగుకాలువనూ ఒకే తీరుగా చూస్తుంది. కానీ రాగద్వేషాలు ఉండి జయించినవాడిది సమదర్శనం. మొదటే లేనిదాన్ని మెచ్చుకోవడమంటే రాయిని బ్రహ్మచారి అన్నట్టే. పరీక్ష కటకం వెనక ఉన్నవాడికి. రీలులో 12 బొమ్మలే ఉన్నప్పుడు ఏది తీయాలన్న ప్రతి నిర్ణయం ఏది వదలాలన్న నిర్ణయం కూడా. సూరత్‌లో కొత్తగా కెమెరా పట్టినవాళ్ళు గోరీల గుమ్మటాలు, సూర్యాస్తమయాలు, ముడతల ముఖాలు తీస్తారు. షెడ్డు బయట పగటి నిద్ర పోతున్న రాత్రి షిఫ్టు కార్మికుణ్ణి కూడా తీస్తారు. జైనులు దొంగతనాన్ని అదత్తాదానం అంటారు, ఇవ్వనిదాన్ని తీసుకోవడం. నిద్రపోయేవాడి రూపం అతను ఇచ్చినది కాదు. తీసుకున్నందువల్ల అతని దగ్గర ఏమీ తగ్గలేదన్న వాదన ఆ నిర్వచనం ముందు నిలవదు, ఎందుకంటే అందులో నష్టం ప్రసక్తే లేదు. వదలడానికి మాత్రం ఇక్కడే ఒక ఉదాహరణ ఉంది. సూరత్ పక్కనే నవ్సారిలో 1913లో పుట్టిన హోమై వ్యారావాలా దేశంలో మొదటి మహిళా ఫోటో జర్నలిస్టు. పెద్ద పెద్ద నాయకులను ఏళ్ళ తరబడి ఫోటోలు తీసి, 1970లో కెమెరాను పక్కన పెట్టేసింది. 2012లో కన్నుమూసేదాకా మళ్ళీ ఆ వృత్తి జోలికి పోలేదు. వదలడం చేతనైన ఫోటోగ్రాఫర్లు తక్కువ.

జైనుల లెక్కలో చివరి ప్రశ్న ఫిల్ము లోపలే ఉంది. వెండి లవణాలను పట్టి ఉంచే పూత జిలెటిన్. పశువుల ఎముకలు, చర్మాలు ఉడికించి తీస్తారు. 1871లో రిచర్డ్ మాడక్స్ దాన్ని ఫోటో పలకలకు వాడినప్పటి నుంచి ఇంతకంటే మంచి పూత దొరకలేదు. 1920లలో కొడాక్ శాస్త్రజ్ఞుడు శామ్యూల్ షెపర్డ్, కొన్ని జిలెటిన్లు వెలుగుకు ఎక్కువగా స్పందించడానికి వాటిలోని గంధక సమ్మేళనాల జాడలు కారణమని తేల్చాడు. ఆవమొక్కల్లో ఉండేలాంటి సమ్మేళనాలు మేత ద్వారా పశువుల ఒంటికి చేరి, అక్కడి నుంచి ఫిల్ములోకి వచ్చాయి. పశువు తిన్న మేత వెలుగుకు ఫిల్ము స్పందించే తీరును నిర్ణయించిందన్నమాట. జైనశాస్త్రం హింసను చేసినది, చేయించినది, ఆమోదించినది అని మూడుగా విడదీస్తుంది. గృహస్థుకు సంకల్పపూర్వక హింస కూడదు, బతుకుతెరువులో తప్పనిదాన్ని తగ్గించుకోవాలి. రీలు కొన్నవాడు చంపలేదు, చంపించలేదు. ఆమోదం కింద ఎంత భాగం వస్తుందన్నది అభిరుచి బతుకుతెరువా కాదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. కాదు కాబట్టి వాదన అతనికి ప్రతికూలంగానే పోతుంది. వెండికి ఇంత చిక్కు లేదు. పాత జరీ చీరలను కాల్చి వెండి రాబట్టినట్టే వాడిన హైపోనుంచి, పాత ఎక్స్‌రే ఫిల్ముల నుంచి కూడా రాబడతారు. ఛాందోగ్యంలో మట్టికీ కుండకూ చెప్పినట్టు, రూపం పోయినా ద్రవ్యం తిరిగి వస్తుంది. జిలెటిన్ తిరిగి పశువు కాదు. ఈ దోషం ఏదీ తగలకుండా, రీలు ఎక్కించకుండా, అందం కోసం పది పాత కెమెరాలను అద్దాల బీరువాలో పేర్చుకునేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు అహింస వ్రతం నిలుపుకున్నారు గానీ అపరిగ్రహం దగ్గర దొరికిపోయారు.